గోల్ఫ్‌లో డ్రైవర్‌కి టీ ఎత్తు కుదరడానికి నాకు పది వారాలు పట్టింది

ఆగస్టు 3న ఆడిన గోల్ఫ్ రౌండ్‌లో 14 హోల్స్‌కి డ్రైవర్, అంటే మొదటి దెబ్బకి దూరం కొట్టే పొడవాటి క్లబ్, తీస్తే బంతి ఫెయిర్‌వేలో, అంటే పొట్టిగా కత్తిరించిన గడ్డి దారిలో, పడింది రెండంటే రెండుసార్లు. నాది కుడిచేతి వాటం. చాలా బంతులు ఎడమవైపు బయల్దేరి గాల్లోనే కుడికి తిరిగి చెట్లలోకి పోయాయి, నాలుగు మాత్రం నిటారుగా పైకి లేచి 120 గజాల దగ్గరే పడ్డాయి. మూడు బంతులు దొరకనే లేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. తక్కువ దూరాలకి వాడే ఐరన్స్ బాగానే తగులుతున్నాయి, బంతిని కంతలోకి దొర్లించే పట్టింగ్‌కి వంక పెట్టాల్సిన పని లేదు, ఒక్క డ్రైవర్ చేతిలోకి వచ్చేసరికే చేతులు బిగుసుకుపోతున్నాయి, వెనకాల నలుగురు నిలబడి ఉంటే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. నాతో ఆడే పెద్దాయన పదో హోల్ దగ్గర అన్న మాట ఒకటి బుర్రలో తిరుగుతూనే ఉంది. “బాబూ, నువ్వు టీని ఒక్కోసారి ఒక్కో లోతుకి గుచ్చుతున్నావు, చూసుకున్నావా?”

నేను చూసుకోలేదు. టీ అంటే బంతిని నిలబెట్టడానికి నేలలో గుచ్చే చిన్న పుల్ల. ఆడటం మొదలుపెట్టి నాలుగేళ్లయినా టీ ఎత్తు అనేది ఒకటి ఉంటుందని తెలుసు తప్ప దాన్ని ఎప్పుడూ కొలవలేదు.

ఆగస్టు 9న ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి చిన్న స్కేలు పట్టుకెళ్లాను. మ్యాట్ల పక్కన గడ్డి మీద కొట్టనిచ్చే వరస ఒకటుంది, అక్కడ మామూలుగా ఎలా గుచ్చుతానో అలాగే పది టీలు గుచ్చి, ఒక్కోదాని పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకున్నాను. అన్నిటికంటే తక్కువ 22 మిల్లీమీటర్లు, అన్నిటికంటే ఎక్కువ 45. బంతి అడ్డకొలతే 42.67 మిల్లీమీటర్లు, అంటే సగం బంతికి పైనే తేడా. ఇన్నాళ్లూ ఒకే స్వింగ్‌తో ఒకే రకంగా కొడుతున్నాననుకుని, నిజానికి ప్రతిసారీ వేరే బంతిని కొడుతున్నాను. మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ కొలత ఒక్కటి చేసి చూడండి, స్కేలు తప్ప ఇంకేం అక్కర్లేదు.

తర్వాతి వారం, ఆగస్టు 16న, పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే తీసుకెళ్లాను. డ్రైవర్ ఫేస్ మీద, అంటే బంతిని తాకే ముఖం మీద, పల్చగా కొడితే తెల్లటి పొర ఏర్పడుతుంది. బంతి తగిలిన చోట ఆ పొర లేచిపోయి గుండ్రటి ముద్ర మిగులుతుంది, దగ్గర పెట్టుకుని చూస్తే బంతి మీది గుంటలు కూడా అచ్చు దిగి కనిపిస్తాయి. ఇలా స్ప్రే కొడతారని ఎప్పుడో విన్నాను కానీ చేసి చూడటం అదే మొదటిసారి. మొదటి ముద్ర చూసినప్పుడు ఎక్స్‌రే చేతికొచ్చినట్టు అనిపించింది. తుడవడానికి తడిగుడ్డ తీసుకెళ్లడం మర్చిపోకండి, నేను మర్చిపోయి చొక్కా అంచుతో తుడిచాను, ఆ మరక వదలడానికి రెండు ఉతుకులు పట్టాయి.

ఆ రోజు మూడు ఎత్తులు పెట్టుకున్నాను. తక్కువ ఎత్తు 22, మధ్యది 38, ఎక్కువది 50 మిల్లీమీటర్లు. ఒక్కోదానికి పది బంతులు. 38 ఎందుకంటే, డ్రైవర్‌ని నేల మీద ఆనించి పెడితే సగం బంతి క్రౌన్ (క్లబ్ హెడ్ పైభాగం) కంటే పైకి కనిపించాలని అందరూ చెప్పే లెక్క నా డ్రైవర్‌కి సరిగ్గా అక్కడికి వచ్చింది. మీ డ్రైవర్ ఫేస్ ఎత్తును బట్టి అది అటూ ఇటూ మారుతుంది, నా అంకె మీకు పనికిరాకపోవచ్చు.

22లో ముద్రలన్నీ ఫేస్ కింది సగంలో పడ్డాయి. బంతి తక్కువ ఎత్తులో బయల్దేరి, మధ్యలో తేలిపోయినట్టు లేచి, పడ్డచోటే ఆగిపోయింది. పదిలో ఏడు టీలు విరిగాయి. 50లో ముద్రలు పైఅంచుకు దగ్గరగా వచ్చాయి. నాలుగు మాత్రం నేను ఎప్పుడూ చూడనంత దూరం వెళ్లాయి, మూడు నిటారుగా లేచాయి, మిగతావి ఎలా పోయాయో చెప్పలేను. 38లో ముద్రలు పైకీ కిందకీ చూస్తే బాగానే ఉన్నాయి, ఫేస్ మధ్యకి ఒక వేలు పైన. కానీ పదిలో ఎనిమిది హీల్ వైపు, అంటే షాఫ్ట్ (క్లబ్ కర్ర) ఉన్న వైపు, గుంపుగా పడ్డాయి. బంతి గాల్లో కుడికి తిరిగే ఆ స్లైస్ ఏమాత్రం తగ్గలేదు. ఎత్తు సరిపోయింది కదా, మరి ముద్ర పక్కకెందుకు పోతోంది అన్నది నాకు అంతుబట్టలేదు.

ఇక్కడే నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఆ నాలుగు పొడుగు షాట్లు మనసులోంచి పోలేదు. టీ ఎత్తుగా పెట్టి, బంతిని ముందుకు జరిపి, పైకి కొడితే దూరం వస్తుందని నమ్మి, ఆగస్టు 24 నుంచి సెప్టెంబర్ 7 దాకా ఆరుసార్లు రేంజ్‌కెళ్లాను, ప్రతిసారీ రెండు బకెట్ల బంతులు. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఖర్చు ఆ బకెట్లకే అయింది. స్ప్రేకీ టీలకీ పెట్టింది దాని ముందు లెక్కలోకే రాదు. సెప్టెంబర్ 7న, రెండో బకెట్ చివర్లో, టప్‌మని మొద్దు చప్పుడొచ్చింది. బంతి నా ముందు ముప్ఫై గజాల్లోనే ఉండగా తలెత్తి చూడాల్సి వచ్చింది. హెడ్ తిప్పి చూస్తే క్రౌన్ మీద, ఫేస్ అంచు వెనకాల, చిటికెన వేలి గోరంత తెల్లటి గీత. పెయింట్ లేచిపోయింది. వేలితో తడిమితే గరుకుగా తగిలింది. ఆ డ్రైవర్ కొనడానికి చాలాకాలం ఆగాను, అందుకే అక్కడే కూర్చుండిపోయాను. మిగిలిన పదకొండు బంతులు పక్క బేలో ఉన్న పిల్లాడికి ఇచ్చేసి ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రమే కోచ్ దగ్గర గంట క్లాసు అడిగాను. ఖాళీ దొరికింది సెప్టెంబర్ 19కి. ఆ పన్నెండు రోజులూ డ్రైవర్ ముట్టుకోలేదు. ఒకరకంగా అదే మంచిదైంది, చేతులకి పట్టిన బిగుతు కొంత వదిలింది.

క్లాసులో కోచ్ మొదటి పావుగంట నా స్వింగ్ గురించి ఒక్క మాట కూడా అనలేదు. బంతి పెట్టి నిలబడమన్నారు, అంతే. వెనక నుంచి ఒకటి, ఎదుట నుంచి ఒకటి ఫోటోలు తీసి చూపించారు. ఎదుటి ఫోటోలో బంతి నా ఎడమ పాదం బొటనవేలికి కూడా ముందుంది. వెనక ఫోటోలో నా పాదాలు టార్గెట్‌కి సూటిగానే ఉన్నాయి కానీ భుజాలు బాగా ఎడమవైపు తిరిగి ఉన్నాయి. “మీరు బంతిని ముందుకు జరిపారు, దాన్ని అందుకోవడానికి భుజాలు దాని వెంటే వెళ్లాయి. భుజాలు ఎటు చూస్తే క్లబ్ అటే వస్తుంది. ఇలా నిలబడితే ఎవరైనా స్లైసే కొడతారండీ,” అన్నారు.

నిలబడే వరస మార్చారు. ముందు రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, బంతి వాటి మధ్యకి ఎదురుగా ఉండేలా చూసుకోవాలి. తర్వాత ఎడమ పాదం చిన్నగా, రెండు మూడు అంగుళాలు ఎడమవైపు వేయాలి. కుడి పాదం పెద్ద అడుగు, భుజాల వెడల్పు దాటేదాకా. ఇలా చేస్తే బంతి దానంతటదే ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా వస్తుంది, ఊహించుకోవాల్సిన పని లేదు. తర్వాత కుడిచేతిని గ్రిప్ మీంచి తీసి కుడి తొడ మీద పెట్టి, మోకాలి వైపు నాలుగు వేళ్లంత కిందికి జార్చమన్నారు. అలా జారిస్తే కుడి భుజం దిగి, నడుము పైభాగం టార్గెట్‌కి దూరంగా కొంచెం వాలుతుంది. ఆ వాలుతోనే చేతిని తిరిగి గ్రిప్ మీదకి తేవాలి. ఆ వాలు లేకుండా టీ ఎత్తు పెంచితే పైనుంచి దిగే క్లబ్ బంతి కిందకి దూరిపోతుంది, నా క్రౌన్ మీద గీత అలాగే పడింది.

హీల్ ముద్రల సంగతి అడిగాను. దానికి ఆయన చూపించింది నేను ఎవరికైనా ముందుగా చెప్పే సంగతి, అందుకే వివరంగా రాస్తున్నాను. డ్రైవర్‌ని నేల మీద ఆనించి, బంతి ఫేస్ మధ్యకి వచ్చేలా సరిచూసుకుని నిలబడండి. ఇప్పుడు కాళ్లు కదపకుండా, నడుము లేపకుండా, చేతులు మాత్రం ఎత్తి హెడ్‌ని టీ మీదున్న బంతి ఎత్తుకి తీసుకురండి. హెడ్ తిన్నగా పైకి రాదు. పైకి వస్తూ మీ ఒంటికి దూరంగా కూడా జరుగుతుంది. ఇప్పుడు కిందకి చూస్తే బంతి ఫేస్ మధ్యలో లేదు, హీల్ దగ్గరుంది. టీ ఎంత ఎత్తుగా ఉంటే ఆ జరుగుడు అంత ఎక్కువ. నేను టీ పెంచుతూ పోయానే కానీ నిలబడే దూరం మార్చలేదు. పైగా హీల్‌కి తగిలినప్పుడు హెడ్ కాస్త తిరుగుతుంది, దాంతో రెండు పళ్లచక్రాల మధ్య జరిగినట్టే బంతికి ఎదురు దిశలో స్పిన్ పడుతుంది. నాలాంటి కుడిచేతి వాటం వాళ్లకి అది బంతిని కుడివైపే లాగుతుంది. అంటే నా భుజాలు ఒక స్లైస్ ఇస్తుంటే, హీల్ దాని మీద ఇంకో స్లైస్ కలిపింది.

దీనికి మందు చాలా చిన్నది. హెడ్‌ని నేల మీద ఆనించకుండా బంతి ఎత్తులో గాల్లోనే పట్టుకుని సరిచూసుకోవడం. మొదట్లో మణికట్లు వణికినట్టయింది, రెండు రోజుల్లో అలవాటైపోయింది. ఆ రోజు చివరి పది బంతుల్లో ఆరు ముద్రలు మధ్యలో పడ్డాయి. ఫేస్ మీద ఆ ఆరు ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి పెద్ద మచ్చలా కనిపిస్తుంటే నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

తర్వాతి వారం సాఫీగా ఏం నడవలేదు. వాలు ఎక్కువ చేశాను. సెప్టెంబర్ 24 నాటికి కుడివైపు నడుము పట్టేసింది, క్లబ్ బంతికి ముందే నేలని తాకడం మొదలైంది. కోచ్‌కి వీడియో పంపితే, నాలుగు వేళ్లు చెప్తే మీరు జానెడు జారుస్తున్నారు అని జవాబొచ్చింది. నాలుగు రోజులు ఆపేశాను. నడుము నొప్పి ఉంటే మాత్రం ఆగండి, నొప్పితో కొట్టిన బంతుల వల్ల కొత్త తప్పులు అలవాటవుతాయి తప్ప ఇంకేం రాదు.

అక్టోబర్ 4న, క్లబ్, బంతి ఎలా కదిలాయో కొలిచే లాంచ్ మానిటర్ ముందు ఒక గంట తీసుకున్నాను. నా స్వింగ్ వేగం గంటకు 90 మైళ్ల దగ్గర ఉంటుంది, మూడు ఎత్తుల్లోనూ అది దాదాపు మారలేదు. 22 ఎత్తులో క్లబ్ 3 డిగ్రీలు కిందికి దిగుతూ బంతిని తాకింది, బంతి 9 డిగ్రీల్లో లేచింది, స్పిన్ నిమిషానికి 3,600 చుట్లు, గాల్లో వెళ్లిన దూరం 191 గజాలు. 38లో క్లబ్ ఒకటిన్నర డిగ్రీ పైకి లేస్తూ తాకింది, బంతి 13 డిగ్రీల్లో లేచింది, స్పిన్ 2,700, దూరం 211. అదే డ్రైవర్, అదే వేగం, ఇరవై గజాలు. 50లో ఒకటి 219 వెళ్లింది, పక్కదే 160. పది బంతుల సగటు తీస్తే 38 కంటే తక్కువ. ఆ 219 చూసి మనసు కాసేపు ఊగింది, కానీ సగటు చూశాక ఆ మోజు వదిలేశాను.

పైకి కొట్టాలని పట్టుబట్టేవాళ్లకి ఇంకో మాట. లాంచ్ మానిటర్లు చేసే ట్రాక్‌మ్యాన్ లెక్కల ప్రకారం పీజీఏ టూర్‌లో ఆడే మగ ప్రొఫెషనల్ ఆటగాళ్లు సగటున డ్రైవర్‌ని ఒక డిగ్రీ దాకా కిందికే కొడతారు, ఎల్‌పీజీఏలో ఆడే మహిళా ఆటగాళ్లు దాదాపు 3 డిగ్రీలు పైకి కొడతారు. నా వేగం ఉన్నవాళ్లం టీవీలో ఎవరిని చూసి నేర్చుకోవాలో దీన్నిబట్టి నాకు అర్థమైంది. అయితే పైకి కొట్టడం మొదలయ్యేసరికి క్లబ్ దారి కొంచెం ఎడమకి మళ్లుతుందని కూడా ఆ మానిటర్‌లోనే కనిపించింది. అందుకే కుడి పాదాన్ని ఒక అంగుళం వెనక్కి తీసుకుంటున్నాను, బంతి సూటిగా బయల్దేరుతోంది.

ఇంటికొచ్చి మూడుంపావు అంగుళాల చెక్క టీలు ముప్ఫై తీసుకుని, పైఅంచు నుంచి 38 మిల్లీమీటర్ల దగ్గర నల్ల మార్కర్‌తో చుట్టూ గీత గీశాను. గీత దాకా గుచ్చితే చాలు. రూల్స్ ప్రకారం టీ 4 అంగుళాలు దాటకూడదు, ఇది దానికి చాలా లోపే. నమ్మకంగా అక్టోబర్ 5న కోర్సుకెళ్లాను, మొదటి మూడు హోల్స్‌లో ముద్రలు మళ్లీ ఫేస్ కిందికి వచ్చేశాయి. గుండె జారిపోయింది. నాలుగో హోల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూస్తే కారణం ఎదురుగానే ఉంది. గీత మట్టి దాకా దిగింది, కానీ టీ బాక్స్ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద గడ్డి పది మిల్లీమీటర్ల ఎత్తుంది, నా పాదాలు, క్లబ్ ఆ గడ్డి మీదే నిలుస్తున్నాయి. అంటే నాకు దక్కిన ఎత్తు 28. మ్యాట్ మీద ఈ సమస్య రానే రాదు కాబట్టి ఎవరూ చెప్పరు. గీత మట్టికి కాదు, గడ్డి కొసకి ఆనాలి. ఐదో హోల్ నుంచి అలా పెట్టాను, షాట్ మళ్లీ దారిలో పడింది.

కోర్సులో ఇలాంటి చిన్నచిన్నవి చాలానే తగిలాయి. నేల గట్టిగా ఉన్నచోట టీ సగంలో ఆగి విరుగుతుంది, పిచ్ మార్కులు (బంతి పడ్డచోట ఏర్పడే గుంటలు) సరిచేసే ఫోర్క్‌తో ముందు చిన్న కంత చేసుకుంటున్నాను. తడి నేలలో బంతి బరువుకే టీ కుంగుతుంది, పెట్టాక ఒకసారి వెనక్కి వచ్చి చూడాలి. టీ బాక్స్ హద్దు చూపే రెండు మార్కర్ల మధ్య నుంచి వెనక్కి రెండు క్లబ్‌ల పొడవు దాకా ఎక్కడైనా బంతి పెట్టుకోవచ్చు, పాదాలు ఆ హద్దు బయట ఉన్నా తప్పు లేదు, కాబట్టి చదునైన చోటు వెతుక్కుంటున్నాను. సర్దుకుంటుండగా బంతి టీ మీంచి జారిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు, పెనాల్టీ లేదు, ఇది తెలియక ఒకప్పుడు నేను ఒక స్ట్రోక్ ఊరికే లెక్కేసుకున్నాను. ఎదురుగాలి ఉన్న ఎనిమిదో హోల్ దగ్గర అలవాటు కొద్దీ టీ కిందికి నొక్కాను, బంతి గాల్లోకి తేలిపోయి 170 గజాల్లో పడింది. పెద్దాయన గీత చూపించి, “గాలికి భయపడి గీత మార్చకు బాబూ,” అన్నారు. నిజమే, కిందికి నొక్కితే పైనుంచి కొడతాను, స్పిన్ పెరుగుతుంది, ఎదురుగాలిలో కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

అక్టోబర్ 12న అదే కోర్సు, అవే 14 హోల్స్. ఎనిమిది ఫెయిర్‌వేలు. రెండు కుడివైపు రఫ్‌లో (పొడుగు గడ్డిలో), మూడు ఎడమవైపు రఫ్‌లో పడ్డాయి, ఒకటి చెట్లలోకి పోయినా దొరికింది. నిటారుగా లేచినది ఒక్కటీ లేదు. ఒకే టీ మొదటి హోల్ నుంచి ఏడో హోల్ దాకా వచ్చింది, ఆగస్టులో అదే ఏడు హోల్స్‌కి ఐదు టీలు విరిచాను. మొదటి హోల్ దగ్గర వెనకాల ఇంకో గుంపు నిలబడే ఉంది, గుండె కొట్టుకోవడం వినిపించింది కూడా. కానీ పాదాలు దగ్గర, ఎడమ చిన్నగా, కుడి పెద్దగా, చెయ్యి తొడ మీద అనుకుంటూ ఉంటే వెనకాల ఉన్నవాళ్లని పట్టించుకునే తీరిక దొరకలేదు.

ఇంకా పదిలో రెండు హీల్‌కి తగులుతున్నాయి, ముఖ్యంగా అలసిపోయాక, 15వ హోల్ దాటాక. కోచ్‌తో నవంబర్ మొదటి వారంలో ఇంకో గంట ఉంది, అది దీనికే. అప్పటిదాకా వారానికి ఒక బకెట్, అందులో మొదటి పది బంతులు స్ప్రే కొట్టి. క్రౌన్ మీద గీతకి పెయింట్ వేయించలేదు, అలాగే ఉంచాను.